మచ్చపక్క పైకి పెట్టిన మనిషి

మా అక్కయ్య సీతారత్నమ్మగారు ఈ ఆషాఢంలో ఒక మధ్యాహ్నం, నూజివీడులోని మా బట్టల కొట్టు వెనకగదిలో, చంటిపిల్లల గౌన్లు మడతపెడుతూ దివంగతురాలయ్యారు. గుండె ఆగిందని డాక్టరుగారు నిర్ధారించారు. చేతిలో గౌను సగం మడతలోనే ఉంది.

ఆ దుర్వార్త చెవిన పడేవేళకి నేను విజయవాడలో ఒక టోకు వర్తకుడి ఎదుట కూర్చుని చీరల బేరంలో నిమగ్నుణ్ణై ఉన్నాను. ఫోను మోగింది. బేరం మధ్యలో ఫోనెత్తినవాడు మెత్తబడ్డాడని అవతలివాడు అనుకుంటాడు గనక ఎత్తలేదు. మళ్లీ మోగింది. ఎత్తాను. మా ఆవిడ గొంతు. విన్నది విని, మాట్లాడకుండా లేచి, చెప్పులు తొడుక్కుని బయటికి నడిచాను. లేచి వెళ్లిపోవడం మా వృత్తిలో అతి ప్రాచీనమైన ఎత్తుగడ. పాపం ఆ పెద్దమనిషి అదే అనుకున్నాడు. "సుబ్బారావుగారూ, ఇంకాస్త తగ్గిస్తానండీ" అంటూ మెట్లదాకా, "సరే, మీ మాటే కానివ్వండి" అంటూ వీధి మలుపుదాకా పిలుస్తూనే వచ్చాడు. నా వ్యాపార జీవితంలో నేను అడిగిన ధర అడిగినట్టు దక్కిన బేరం అదొక్కటే. అందుకోవడానికి నేను అక్కడ లేను.

మా వర్తక సంఘం సంచికలో ఆమె గురించి నాలుగు మాటలు రాయమనీ, తోడుగా ఒక ఛాయాచిత్రం పంపమనీ పెద్దలు ఆదేశించారు. మాటలకేం, పుట్టుకతోనే ఉన్నాయి. ఫొటో దగ్గరే ఇబ్బంది వచ్చింది. ఇంట్లో పెట్టెలన్నీ తీశాం. చిన్ననాటి ఫొటోలు ఉన్నాయిగానీ అన్నిట్లోనూ అక్కయ్య కుడిచెంప మాత్రమే ఉంది. అమ్మ పక్కన నిలబడినా, తిరునాళ్లలో ఫొటోవాడి అట్ట విమానంలో కూర్చున్నా, మొహం ఎడమకి తిరిగే ఉంటుంది. యుక్తవయసు వచ్చాక అసలు ఫొటోలే లేవు. "ఆధార్ కార్డులో ఉంది కదా నాన్నా" అన్నాడు మా రవి. ఆధార్ కార్డులో ఎవరు మాత్రం వాళ్లలా ఉంటారు? అందులో నేను పట్టుబడిన దొంగలా ఉంటాను, మా ఆవిడ నన్ను పట్టుకున్న పోలీసులా ఉంటుంది.

నిండుమొహం కనిపించే చిత్రం చివరికి ఒక్కటి దొరికింది. అది నా ఫోనులోనే ఉంది, తీసింది నేనే. ఈ వ్యాసంతోపాటు అచ్చయ్యేది అదే. అది ఎలా వచ్చిందో చెప్పాలంటే ఆమె కన్ను గురించి చెప్పాలి. ఇకమీదట 'గారు' అని రాయను. అక్కయ్య వింటే "ఎవర్రా ఆవిడ?" అంటుంది.

పుట్టినప్పుడు అక్కయ్యకి ఎడమ కంటి పైరెప్ప మీద కుంకుమ అంటినట్టు చిన్న ఎర్రమచ్చ ఉండేదట. నెలలు గడిచేకొద్దీ అది ఉబ్బి, పండిన రేగుపండంత మెత్తటి కాయై, రెప్పని కిందికి లాగేసింది. గ్రహణం వేళ అమ్మ కూర తరిగిందన్నారు కొందరు. పూర్వజన్మ శేషమన్నారు ఇంకొందరు. అనుభవజ్ఞులు మాత్రం ధైర్యం చెప్పారు: "ఇలాంటివి ఏమీ చెయ్యవు. నాలుగేళ్లో ఐదేళ్లో పోతే వాటంతటవే కరిగిపోతాయి." ఆ మాట అబద్ధం కాదు. అదే మా దురదృష్టం. అబద్ధమైతే ఎవరో ఒకరు అనుమానించేవారు. అక్కయ్య బడికి వెళ్లేనాటికి ఆ కాయ నిజంగానే కరిగి, రెప్ప మీద చిన్న ముడత మిగిల్చి అదృశ్యమైంది. ఇంట్లో పాయసం వండుకున్నారు. ఆ తర్వాత కొన్నాళ్లకి కుడి కంట్లో నలుసు పడి ఆ కన్ను మూసుకున్నప్పుడు, పట్టపగలు వీధిలో నిలబడి, "అమ్మా, ఇంత పొద్దుండగానే చీకటి పడిందేంటి?" అని అడిగింది.

చూపులేని ఆ కన్ను ఏళ్లు గడిచేకొద్దీ ఓ పక్కకి ఒరిగింది. యౌవనంలో విజయవాడలో ఒక వృద్ధ వైద్యురాలికి చూపించుకుని వచ్చింది. ఆ సాయంత్రం బస్సు దిగి కొట్టులోకి వస్తూ నాతో అన్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "నా కంటికి ఏ రోగమూ లేదట్రా సుబ్బూ. చూపు కూడా మాటలాగే పసితనంలో నేర్చుకోవాలట. నేర్చుకునే రోజుల్లో రెప్ప తలుపేసుకుంది. మెదడు దాన్ని పిలిచి పిలిచి మానేసింది. పిలిచేవాళ్లు లేని కన్ను, అంతే." అప్పుడు ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేను ఓదార్చేవాణ్ణి. అది నాకు వచ్చిన పని. ఊరుకున్నవాళ్లని ఏం చెయ్యాలో నాకు ఇప్పటికీ తెలియదు.

మా ఊళ్లో మామిడిపండ్లు అమ్మేవాళ్ల విద్య ఒకటుంది. పండుకి ఒకపక్క మచ్చో దెబ్బో ఉంటే ఆ పక్కని గంపలో గడ్డిలోకి తిప్పి, నిగనిగలాడే పక్క పైకి పెడతారు. కొనేవాడు ఇంటికెళ్లి తిప్పి చూసుకుని తిట్టుకుంటాడు. అక్కయ్యకి పెళ్లిచూపులు ఏర్పాటు చేసిననాడు మా అమ్మ కూడా ఆ విద్యే ప్రదర్శించింది. కుర్చీని గోడవారగా వేసి, కుడిచెంప మాత్రమే అవతలివాళ్లకి కనబడేట్టు కూర్చోబెట్టింది. బజ్జీలు వచ్చాయి, కాఫీలు వచ్చాయి. ఉన్నట్టుండి అక్కయ్య లేచి, కుర్చీని నేలమీద ఈడ్చి, వాళ్లకి ఎదురుగా తిప్పి కూర్చుంది. "ఇది నా రెండో పక్కండీ. ఇంటికి తీసుకెళ్లాక చూసుకుని బాధపడటం దేనికి, ఇక్కడే చూసుకోండి" అంది. వాళ్లు బజ్జీలు పూర్తిచేసి, కబురు పంపుతామని చెప్పి వెళ్లారు. ఆ కబురు ఇంకా దారిలోనే ఉంది.

అమ్మ ఆ రోజంతా కొంగు కళ్లకి ఒత్తుకుంటూ కూర్చుంది. అక్కయ్య ఖాళీ ప్లేట్లు తీస్తూ అంది: "లోపం చెప్పి అమ్మితే కొనేవాళ్లు తగ్గుతారమ్మా. దాచి అమ్మితే నమ్మేవాళ్లు తగ్గుతారు." ఈ సూక్తిని తర్వాత నేను మా కొట్టులో బోర్డు రాయించి పెట్టాను. ఆచరించానా అని అడగకండి, బోర్డు మాత్రం చాలా అందంగా ఉంటుంది. ఆ తర్వాత ఆమె మళ్లీ పెళ్లిచూపులకి కూర్చోలేదు, కెమెరా ముందూ నిలబడలేదు. పక్కకి తిరగమంటారని ఆమెకి తెలుసు.

ఒంటికన్ను మనిషి ఎదురొస్తే కార్యం చెడుతుందని మాలో ఒక నమ్మకం. నాన్న బతికుండగా, పొద్దున్నే బోణీ అయ్యేదాకా అక్కయ్యని వెనకగదిలో ఉండమనేవాడు. ఆయన పోయాక నేను ముందుకి వచ్చి కూర్చోమన్నాను. "నేను కూర్చున్నాక బోణీ చెడితే నన్నంటావు. చెడకపోతే నీ ఉదారబుద్ధి గురించి ఊరంతా చెప్పుకుంటావు. రెండూ నాకొద్దు" అని ఆ వెనకగదినే సామ్రాజ్యం చేసుకుంది. చంటిపిల్లల బట్టల విభాగం అలా వెనకగదిలో వెలిసింది.

ఉచిత గౌను కథ ఊళ్లో చాలామందికి తెలుసు, కారణం మాత్రం కొద్దిమందికే తెలుసు. పక్కవీధిలో ఒక పసిబిడ్డకి కంటి మీద ఎర్రకాయ వచ్చిందని విని అక్కయ్య చూడబోయింది. పురిటింటివాళ్లు అమర్యాద ఏమీ చెయ్యలేదు. గుమ్మం దగ్గరే బొట్టు పెట్టి, తాంబూలం చేతిలో పెట్టి, "బిడ్డ పడుకుందండీ" అని సాగనంపారు. ఎవరి చూపు ఆ బిడ్డ మీద పడాలో వాళ్ల చూపే పడకూడదన్నారు. తిరిగొచ్చి అక్కయ్య చాలాసేపు గౌన్లు సర్దుతూ కూర్చుంది. చివరికి, "బిడ్డ దగ్గరికి నన్ను రానివ్వరు. బిడ్డనే నా దగ్గరికి తెప్పించుకోవాలి" అంది.

మర్నాడు కొట్టు ముందు అట్టముక్క వేలాడింది: 'మూడో నెల బిడ్డకి గౌను ఉచితం. బిడ్డని తేవలెను.'

"ఉచితం ఏంటే! కొట్టు మూయిస్తావా?" అన్నాను.

"గౌనుకి ఎంత గుడ్డ పడుతుందిరా? నీ జేబురుమాలుకి ఎక్కువ పడుతుంది."

"పోనీ బిడ్డని తేవడం దేనికి? కొలత చెబితే చాలదా?"

"కొలవకుండా ఇస్తే రేపొచ్చి సైజు మార్చమంటారు. నీకే నష్టం."

నష్టమనే మాట వింటే నాకు వాదన ఆగిపోతుందని ఆమెకి తెలుసు. పైగా బిడ్డతో వచ్చిన తల్లి, తల్లితో వచ్చిన అమ్మమ్మ ఊరికే వెళ్తారా? ముందుగదిలో చీరలున్నాయి. ఆ ఏడాది చీరలు బాగా కదిలాయి. ఈ ఆలోచన నాదేనని తోటి వర్తకుల దగ్గర చాలాచోట్ల చెప్పుకున్నాను. ఈ వ్యాసం చదివాక వాళ్లు నన్ను క్షమించాలి.

వెనకగదిలో ఆమె చేసే పని చూడటానికి ఆటలా ఉండేది. బిడ్డని ఒడిలో వేసుకుని, పట్టుచీర అంచునుంచి తీసిన ఎర్రటి కుచ్చు ఒకటి కళ్ల ముందు మెల్లగా ఆడించేది. బిడ్డ చూపు కుచ్చు వెంట నడుస్తుండగా, రెండో చేతి అరచేతిని ఒక కంటికి అడ్డంపెట్టేది. చర్మానికి తగలనంత దూరంలో, గాలి కూడా కదలనంత నెమ్మదిగా. తర్వాత రెండో కంటికి. రెండు కళ్లూ చూసేవైతే బిడ్డ కుచ్చుతో ఆడుతూనే ఉంటుంది. ఒకటే చూసేదైతే, దాన్ని మూసిన క్షణాన బిడ్డ తల విదిలించి ఏడుస్తుంది. ఈ పద్ధతి ఆమె కనిపెట్టింది కాదు, ఆనాటి వైద్యురాలు చూపించింది. అనుమానం వస్తే అక్కయ్య చేసే వైద్యం ఒక్కటే: "రేపే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి."

జి. కొండూరునుంచి ఒక జంట పాపని తెచ్చారు. పాప కనుబొమ్మ చివర, చర్మం కింద, బఠాణీ గింజంత గట్టి కాయ. పుట్టుకతోనే ఉందట. తండ్రి ఆటో నడుపుతాడు, గడుసువాడు. "ఇది హాని లేనిదే కదండీ? అందరూ అదే అంటున్నారు" అన్నాడు.

"హాని లేనిదే అయ్యుంటుంది బాబూ. నీ ఆటోకి అడ్డంగా బియ్యం బస్తా పడితే ఏం చేస్తావు?"

"తీసి పక్కన పెడతానండీ."

"బియ్యం మంచివే కదా, ఎందుకు తియ్యడం? అడ్డం వచ్చిందా, వస్తుందా, ఎప్పుడు తియ్యాలి, అసలు తియ్యాలా అన్నది చూసి చెప్పేవాళ్లు వేరే ఉన్నారు. నేను కాదు, నీకు చెప్పిన ఆ అందరూ కూడా కాదు."

ఆ పాప కాయ చూపుకి అడ్డం రాలేదు. కాస్త పెద్దయ్యాక డాక్టర్లు తీసేశారు. ఇప్పుడు కనుబొమ్మలో సన్నటి గీత, అదీ వెతికితేనే కనిపిస్తుంది.

అక్కయ్య పొరపడిన సందర్భమూ ఉంది. అది దాస్తే ఆమె ఊరుకోదు. ఒక బిడ్డ ఏడ్చిన తీరు చూసి కంగారుపడి వాళ్లని విజయవాడ పరిగెత్తించింది. అక్కడ పరీక్షించి, కళ్లు రెండూ ముత్యాల్లా ఉన్నాయి, ఆకలికి ఏడ్చి ఉంటుందని పంపించారు. ఆ బిడ్డ నాయనమ్మ కొట్టుకొచ్చి, వీధి వినేలా కడిగిపారేసింది. నేను చీరల గుట్ట వెనక్కి తప్పుకున్నాను. అక్కయ్య ఆవిడకి టీ తెప్పించి, "మీ కోపం చూస్తుంటే నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేనండీ. కోప్పడటానికే కదా వచ్చారు, ఏడవటానికి రాలేదు" అంది. ఆనాటినుంచి ఏ బిడ్డకైనా పాలు పట్టించాకే కుచ్చు తీసేది.

ఊళ్లో ఇంతమంది బిడ్డల్ని చూసిన మనిషికి మా ఇంటి బిడ్డే కనబడకుండా పోయింది.

పైఊళ్లో ఉద్యోగం చేసే మా రవికి ఆగిరిపల్లి సంబంధం. వియ్యాలవారు మామిడి తోటలు కౌలుకి తీసుకుని కాపు అమ్మే వర్తకులు. కోడలు మౌనికకి ఈ పుష్యమాసంలో పుట్టింట ఆడపిల్ల పుట్టింది. లాస్య అని పేరు పెట్టారు. ఉయ్యాలలో వేసేనాడు మేం దంపతులం వెళ్లాం. అక్కయ్య రాలేదు. మా వియ్యపురాలు సామ్రాజ్యంగారు ఫోనులో, "పెద్ద వదినగారిని శ్రమ పెట్టకండి అన్నయ్యగారూ, ఎండల్లో ప్రయాణం" అన్నారు. పుష్యంలో ఎండలేమిటని నేను అడగలేదు. అక్కయ్యా అడగలేదు. ఆ రోజు బిడ్డ ఎడమ రెప్ప మీద చిన్న ఎర్రమచ్చ చూశాం. చీమ కుట్టిందన్నారు. ఆ తర్వాత పెళ్లిళ్ల సీజను వచ్చింది. కొట్టులో ఊపిరాడలేదు. ఫోనుకి బిడ్డ ఫొటోలు వస్తుండేవి, నేను అందరికీ చూపించి మురిసేవాణ్ణి.

చైత్రంలో ఒక సాయంత్రం అక్కయ్య నా ఫోను తీసుకుని ఆ ఫొటోలు వరసగా చూసింది. మళ్లీ మొదటినుంచి చూసింది.

"సుబ్బూ, దీని ఎడమపక్క ఏదిరా?"

"అంటే?"

"అన్నీ కుడిచెంపే. టోపీ పెట్టినా, స్నానం చేయించినా, పడుకోబెట్టినా కుడిచెంపే. మచ్చపక్క గడ్డిలోకి తిప్పి చూపిస్తున్నార్రా మనకి."

రవికి ఫోను చేశాను. వాడు కాసేపు నసిగాడు. తర్వాత, "చిన్న ఎర్రకాయ నాన్నా. అక్కడి డాక్టరు ప్రమాదం లేదు, అదే తగ్గిపోతుందన్నాడు. మిమ్మల్ని కంగారు పెట్టొద్దని అత్తయ్యగారు అన్నారు" అన్నాడు. నేను ఆ మాటలు పైకి చెప్పేసరికి అక్కయ్య చెప్పులు వేసుకుంటోంది. "ఆ మాట నాకూ చెప్పార్రా" అంది. బలవంతాన పొద్దుటిదాకా ఆపాను.

మర్నాడు ఆదివారం. ఆగిరిపల్లిలో వాళ్లింటి వరండా నిండా మామిడికాయల ప్లాస్టిక్ ట్రేలు పేర్చి ఉన్నాయి. సామ్రాజ్యంగారు నన్ను చూసి నవ్వి, నా వెనక అక్కయ్యని చూసి ఆగారు.

"రండి అన్నయ్యగారూ. వదినగారూ, మీరూ వచ్చారా... మూడో నెల ఇంకా వెళ్లలేదండీ. బాలింత ఇల్లు. మీరేమీ అనుకోకపోతే..."

"అనుకోవడానికేముంది వదినగారూ" అని అక్కయ్య వరండాలో ఒక ట్రే బోర్లించి దాని మీద కూర్చుంది. "మీ గడప నేను దాటను. మీరే బిడ్డని గడప దాటించండి."

"పడుకుందండీ."

"లేచేదాకా కూర్చుంటాను. ఇవాళ కొట్టుకి సెలవు."

"బయట వేడిగా ఉంది వదినగారూ."

"నీడలోనే కూర్చున్నానండీ."

ఇద్దరూ నవ్వుతూనే మాట్లాడుతున్నారు. ఇంత మర్యాదగా జరిగిన యుద్ధం నేను చూడలేదు. అంతలో లోపలినుంచి మౌనికే బిడ్డని ఎత్తుకుని వచ్చింది. తల్లి "మౌనికా" అన్నారు. ఆ అమ్మాయి ఆగలేదు. "చూడనీ అమ్మా. నాకు రోజూ భయంగానే ఉంది" అని గడప దాటి, బిడ్డని అక్కయ్య ఒడిలో పెట్టింది.

ఎడమ పైరెప్ప మీద, నేను చీమ కుట్టిందనుకున్న చోట, రేగుపండంత ఎర్రటి కాయ. రెప్ప సగానికి పైగా దిగిపోయింది. అక్కయ్య తన పసితనాన్ని తనే ఒడిలోకి ఎత్తుకున్నట్టు కూర్చుండిపోయింది. తర్వాత సంచిలోంచి కుచ్చు తీసింది.

ఎడమ కంటికి చెయ్యి అడ్డంపెడితే లాస్య కుచ్చుని చూస్తూ బోసినవ్వు నవ్వింది. కుడి కంటికి అడ్డంపెట్టిన క్షణాన తల అటూ ఇటూ విదిలించి కెవ్వుమంది. చెయ్యి తీస్తే ఊరుకుంది.

"ఆకలేమోనండీ" అన్నారు సామ్రాజ్యంగారు.

"పాలు పట్టించండి. ఆగుతాను."

పాలు తాగి వచ్చాక మళ్లీ అదే నవ్వు, మళ్లీ అదే కేక. సామ్రాజ్యంగారు వరండా స్తంభం పట్టుకుని నిలబడ్డారు. "డాక్టరు ప్రమాదం లేదన్నాడు వదినగారూ. ఆడపిల్ల, మొహం మీద మచ్చ అంటే మీ వాళ్లు ఏమంటారోనని... తగ్గాక చూపిద్దామనుకున్నాం. ఒక్క ఏడాది చూద్దామండీ."

"రేపు" అంది అక్కయ్య.

ఒకరు ఏడాది అన్నారు, ఒకరు రేపు అన్నారు. ఇలాంటి సందర్భంలో నా నోరు నా మాట వినదు. గొంతు సవరించుకుని, "పోనీ కాపు పనులు తెమిలాక, ఒక రెండు నెలల్లో, అందరం కలిసి..." అన్నాను.

అక్కయ్య నావైపు తిరిగింది. "వీడికి పుట్టుకతో వచ్చిన జబ్బు వదినగారూ, ఎవరేం చెప్పినా మధ్యలో బేరం తెగ్గొడతాడు. ఒరేయ్, సగం కంటికి బేరం కుదురుస్తావా? ఇటు చూడు. నా కాయ కూడా తగ్గిపోయిందిరా. మచ్చ కూడా లేకుండా తగ్గింది. ఏం మిగిలింది?"

అక్కయ్య బిడ్డని నిలువుగా ఎత్తి తన చెంప పక్కన పెట్టుకుని, "ఫొటో తియ్యి. రవికి పంపు" అంది. ఆమె ఫొటో అడగడం నేను ఎన్నడూ వినలేదు. అలవాటు కొద్దీ కుడిపక్కకి జరగబోతే, "ఎదురుగా నిలబడరా. ఇద్దరి మచ్చపక్కా పడాలి" అంది.

మీరు చూస్తున్న చిత్రం అదే.

మర్నాడు విజయవాడలో కంటి వైద్యులు బిడ్డని ఆసుపత్రిలో ఉంచుకుని, గుండె వేగం కనిపెట్టి చూస్తూ, కాయ కుంచించుకుపోయే మందు మొదలుపెట్టారు. బాగున్న కంటికి రోజూ కాసేపు పట్టీ వెయ్యమన్నారు, పనిచెయ్యని కంటికి పని పెట్టడానికి. "ఇది ప్రమాదకరమైన గడ్డ కాదన్న మాట నిజమే, కరుగుతుందన్నదీ నిజమే. అది కరిగేదాకా చూపు ఆగదు. కాస్త ముందు తెచ్చి ఉంటే ఇంకా బాగుండేది. ఏడాది ఆగి ఉంటే నేను చెప్పగలిగింది పెద్దగా ఉండేది కాదు" అన్నారు డాక్టరుగారు.

'కాస్త ముందు' అన్న ఆ మాట అక్కయ్యని వదల్లేదు. తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చుంది. తర్వాత అంది: "ఉయ్యాలనాడు నన్ను రావద్దంటే ఎందుకు ఊరుకున్నానో తెలుసా? నీకు వియ్యాలవారితో మాట వస్తుందని ఊరుకున్నాననుకున్నావేమో. అది కాదురా. నా కన్ను అపశకునమని ఊరంతా అంటే నవ్వాను. మన బిడ్డ దగ్గరికొచ్చేసరికి, నిజమేమోనని ఓ మూల భయమేసింది. వేరేవాళ్ల బిడ్డయితే ఏదో ఒకటి చేసి చూసేదాన్ని. ఆ రోజే కుచ్చు పట్టుకుని వెళ్లాల్సింది." నేను ఏదో అనబోయాను. "తెగ్గొట్టకు" అంది. కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. నేను ఆమె ఎడమపక్క కూర్చున్నాను. నావైపున్న కన్ను నన్ను చూడదు కాబట్టి, నా కళ్లు తుడుచుకోవడం ఆమెకి కనబడలేదనే అనుకుంటున్నాను.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆగిరిపల్లి వెళ్లేది. పట్టీ వేస్తే బిడ్డ పీకి పారేసేది. అక్కయ్య ఒడిలో మాత్రం ఎంతో కొంత సేపు ఉంచుకునేది. రెప్ప కొద్దికొద్దిగా లేస్తోంది. ఎడమ కన్ను ఇంకా దేన్నీ పట్టుకోలేదు. వెలుగువైపు తిరగడం, తప్పిపోవడం. "వస్తుందిరా. పిలుస్తున్నాం కదా" అనేది. మళ్లీ పరీక్ష శ్రావణంలో ఉంది. ఆషాఢం ఆమెని అక్కడిదాకా రానివ్వలేదు.

మైల ఉన్న ఇంటికి పసిబిడ్డని తేకూడదని మాలో గట్టి నియమం. దశదిన కర్మ జరుగుతున్ననాడు, మా గుమ్మం ముందు ఆటో ఆగి, సామ్రాజ్యంగారు లాస్యని ఎత్తుకుని దిగారు, వెనకే మౌనిక. పెద్దలు ఆక్షేపణగా చూశారు. నేనే ఎదురెళ్లి, "బిడ్డతో ఇక్కడికా అమ్మా?" అన్నాను.

"ఆవిడ నా గడప దగ్గర ఆగిపోయారు అన్నయ్యగారూ. నేను ఆగలేను" అని, లోపలికొచ్చి, ఆ చిత్రంలోంచే కత్తిరించి పటం కట్టించిన అక్కయ్య ఫొటో ముందు కూర్చున్నారు. ఒడిలో బిడ్డ. కుడి కంటికి పట్టీ ఉంది. అది పట్టీ వేసే వేళట. వేళ తప్పించలేదు.

గాలికి దీపం రెపరెపలాడుతుంటే మౌనిక దాన్ని తీసి పక్కకి జరిపింది. లాస్య తల అటు తిరిగింది. మౌనిక చెయ్యి ఆగిపోయింది. మా అందరివైపూ ఒకసారి చూసి, దీపాన్ని మెల్లగా ఇటుపక్కకి తెచ్చింది. బిడ్డ ఎడమ కన్ను, ఒక్క ఎడమ కన్నే, దీపం వెంట ఇటు వచ్చింది. సామ్రాజ్యంగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ చూపు ఎంతవరకు నిలబడుతుందో ఇంకా ఏళ్లపాటు కనిపెట్టి చూడాలని డాక్టరుగారు ముందే చెప్పారు. నేను దీన్ని ఎక్కువ చేసి చెప్పను. దీపం కదిలింది, కన్ను కదిలింది, అంతే. దాన్ని చూడవలసిన మనిషి చట్రంలో ఉంది.

ఇంత తపన ఎక్కడిదక్కయ్యా నీకు, అని ఒక్కనాడైనా అడగలేదు. నీ ఒక్క కన్ను ఇన్ని కళ్లకి కాపలా కాసిందని నీ ఎదుట అని ఉంటే, "ఏం కావాల్రా?" అనేదానివి. ఏమీ అక్కర్లేదు. నీ పాదాలకి నమస్కారం.

చదువరులకి ఒక మనవి. అట్టముక్క ఇంకా కొట్టు ముందు వేలాడుతోంది. కర్మకాండ అయ్యాక ఒక తల్లి మూడో నెల బిడ్డతో వచ్చింది. వెనకగదిలో కూర్చుని, అక్కయ్య కుచ్చు తీసి, బిడ్డ కంటికి నా అరచెయ్యి అడ్డంపెట్టాను. బిడ్డ ఏడ్చింది. రెండో కంటికి పెట్టాను. మరీ ఏడ్చింది. ఆ తర్వాత వచ్చిన బిడ్డా అంతే. గజం బద్ద పట్టి పట్టి మొరటెక్కిన చెయ్యి, ఎవరు నమ్ముతారు? అందుకని కుచ్చుని ఆమె పటానికి కట్టేశాను. బిడ్డ కంటి దగ్గర పుట్టుకతో వచ్చిన మచ్చో, కాయో, వాపో ఉంటే, అది చిన్నదైనా, అదే పోతుందని ఎవరు చెప్పినా, నేరుగా కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. గౌను కోసం మా కొట్టుకి రండి. గౌను ఉంది. ఆ చెయ్యి లేదు.